హాంబర్గ్ సందర్శనకు అనువైన కాలం

హాంబర్గ్ జర్మనీ దేశపు ఉత్తర భాగంలో ఎల్బే నది ఒడ్డున ఉన్న రేవు నగరం. 18 లక్షలకు పైగా జనాభా గల ఈ నగరం బెర్లిన్ తరువాత జర్మనీలో రెండవ పెద్ద నగరం. ఆ దేశంలోని 16 రాష్ట్రాలలో ఇదీ ఒకటి. పర్యాటకులు ఏడాది పొడవునా ఈ నగరానికి వస్తూనే ఉంటారు. అయితే ఇక్కడ వానలు కురవని కాలమంటూ ఏదీ లేదు. అందువలన ప్రయాణానికి నెలను ఎంచుకొనేటప్పుడు వర్షం కంటే పగటి నిడివి, ఎండ, గాలి అనే మూడు అంశాలు ముఖ్యమవుతాయి. ఈ మూడింటినీ బట్టి చూస్తే మే, జూన్ నెలలు, ఆ తరువాత సెప్టెంబరు మొదటి సగం సందర్శనకు మిక్కిలి అనువైనవి. క్రిస్మస్ సంతల కోసం వెళ్ళేవారికి మాత్రం నవంబరు చివరి వారం నుండి డిసెంబరు 23 వరకు తగిన సమయం.

శీతోష్ణస్థితి

హాంబర్గ్ సుమారు 53.5 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నది. నగరానికి వాయవ్యంగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఎల్బే నది ఉత్తర సముద్రంలో కలుస్తుంది. పడమటి గాలులు సముద్రం మీదుగా తేమను మోసుకొని వస్తాయి. ఈ కారణంగా వేసవి మరీ వేడిగాను, చలికాలం మరీ కఠినంగాను ఉండవు. శీతోష్ణస్థితి శాస్త్రంలో దీనిని సముద్ర ప్రభావిత శీతోష్ణస్థితి అని అంటారు. వివిధ ఋతువులలో సగటు పరిస్థితులు సుమారుగా ఈ విధంగా ఉంటాయి.

* జనవరి: పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత 4 డిగ్రీలు, రాత్రి కనిష్ఠం సున్నాకు ఒక డిగ్రీ దిగువన, పగలు 8 గంటలు.
* ఏప్రిల్: గరిష్ఠం 13 డిగ్రీలు, కనిష్ఠం 3 డిగ్రీలు, పగలు 14 గంటలు.
* జూలై: గరిష్ఠం 22 డిగ్రీలు, కనిష్ఠం 13 డిగ్రీలు, పగలు 16 గంటల 30 నిమిషాలు.
* అక్టోబరు: గరిష్ఠం 13 డిగ్రీలు, కనిష్ఠం 6 డిగ్రీలు, పగలు 10 గంటల 40 నిమిషాలు.

ఇవన్నీ సగటు లెక్కలు మాత్రమే. ఇటీవలి కాలంలో వడగాడ్పులు కూడా ఈ నగరాన్ని తాకుతున్నాయి. 2022 జూలై 20న నగరంలోని నోయ్‌వీడెన్‌టాల్ కేంద్రంలో 40.1 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదయింది.

వర్షపాతం

హాంబర్గ్ అనగానే ఎడతెగని వాన గుర్తుకు రావడం జర్మనీలో పరిపాటి. ముసురు పట్టిన ఇక్కడి వాతావరణాన్ని స్థానికులు హాస్యంగా "ష్మూడెల్‌వెట్టర్" అని పిలుచుకుంటారు. వాస్తవానికి నగరపు వార్షిక వర్షపాతం సుమారు 790 మిల్లీమీటర్లు. దక్షిణ జర్మనీలోని మ్యూనిక్‌లో ఇంతకంటే ఎక్కువ వాన కురుస్తుంది. ఏడాది మొత్తం మీద హైదరాబాదులో కురిసే వాన కూడా దాదాపు ఇంతే. కాని హైదరాబాదులో ఆ వాన అధికభాగం నాలుగైదు నెలలలోనే కురిసిపోగా, హాంబర్గ్‌లో అది పన్నెండు నెలలకూ పంచినట్లుగా ఉంటుంది. ఏడాదిలో మూడవ వంతు రోజులకు పైగా ఎంతో కొంత జల్లు పడుతుంది.

నెలల వారీగా చూస్తే ఏప్రిల్ నెలలో వాన అన్నిటికంటే తక్కువ (సుమారు 43 మిల్లీమీటర్లు), జూన్ నుండి ఆగష్టు వరకు ఎక్కువ (నెలకు సుమారు 77 నుండి 79 మిల్లీమీటర్లు). ఈ అంకెలను మాత్రమే చూసినవారు వేసవిని వర్షాకాలమని పొరబడే అవకాశం ఉన్నది. వేసవిలో వాన తరచుగా పెద్ద జల్లుగా వచ్చి త్వరగా వెలిసిపోతుంది. చలికాలంలో అంతకంటే తక్కువ వానే కురిసినా, అది సన్నని తుంపరగా గంటల తరబడి పడుతూ ఉంటుంది. ఆకాశం రోజుల తరబడి మబ్బు పట్టి ఉంటుంది. కాబట్టి వర్షపాతపు పట్టికను మాత్రమే చూసి నెలను ఎంచుకోవడం సరికాదు.

పగటి నిడివి, ఎండ

ఋతువుల మధ్య అసలైన భేదం వెలుతురులో కనబడుతుంది. జూన్ 21 ప్రాంతంలో సూర్యుడు ఉదయం 5 గంటలకు ముందే ఉదయించి, రాత్రి 10 గంటలు కావస్తుండగా అస్తమిస్తాడు. అప్పుడు పగటి నిడివి సుమారు 17 గంటలు. డిసెంబరు 21 ప్రాంతంలో సూర్యోదయం ఉదయం 8:30 దాటిన తరువాత, సూర్యాస్తమయం సాయంత్రం 4 గంటలకు. అంటే పగలు సుమారు ఏడున్నర గంటలు మాత్రమే.

ఎండ కాసే గంటలలో తేడా ఇంకా ఎక్కువ. మే నెలలో మొత్తం సుమారు 220 గంటలు ఎండ కాయగా, డిసెంబరు నెలంతా కలిపినా 40 గంటలకు మించదు. హాంబర్గ్‌లో చూడదగినవి చాలావరకు ఆరుబయటివే. రేవులో పడవ విహారం, ఆల్‌స్టర్ సరస్సు తీరం, కాలువల మీది వంతెనలు, ఎల్బే తీరపు నడకదారులు ఈ కోవకు చెందుతాయి. ఒకే ఖర్చుతో, అన్ని రోజులే గడిపినా, జూన్‌లో వెళ్ళినవారికి డిసెంబరులో వెళ్ళినవారి కంటే రెట్టింపుకు మించిన పగటి సమయం దొరుకుతుంది.

వసంతకాలం (మార్చి - మే)

మార్చి నెలలో చలి ఇంకా వదలదు. ఆల్‌స్టర్ సరస్సు హంసలు తిరిగి రావడం నగరవాసులకు వసంతాగమన సూచన. ఈ హంసలను ప్రతి ఏటా నవంబరు ప్రాంతంలో పడవలలో ఎప్పెన్‌డార్ఫ్ లోని నీరు గడ్డకట్టని ఒక చెరువుకు తరలించి, వసంతంలో మరల సరస్సులో విడిచిపెడతారు. వీటి సంరక్షణకై 1674లో ఏర్పడిన ఉద్యోగం నేటికీ కొనసాగుతున్నది.

ఏప్రిల్ చివర, మే మొదటి వారాలలో నగరానికి పడమరగా ఎల్బే దక్షిణ తీరాన ఉన్న ఆల్టెస్ లాండ్ ప్రాంతంలో చెర్రీ, ఆపిల్ తోటలు పూతకు వస్తాయి. ఉత్తర ఐరోపాలోని పెద్ద పండ్ల తోటల ప్రాంతాలలో ఇది ఒకటి. పూత కాలం కొద్ది వారాలే ఉంటుంది, ఆ ఏటి చలిని బట్టి ముందు వెనుకలవుతుంది.

మే 7వ తేదీకి దగ్గరగా వచ్చే వారాంతంలో రేవు జన్మదినోత్సవం జరుగుతుంది. 1189 మే 7న చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసా హాంబర్గ్‌కు సుంకం లేని ఓడ రవాణా హక్కులను ప్రసాదించినట్లు చెప్పబడే శాసనం ఈ ఉత్సవానికి ఆధారం. ఆ పత్రం తరువాతి కాలంలో సృష్టింపబడినదని చరిత్రకారులు భావిస్తారు. అయినప్పటికీ పాత తెరచాప ఓడలు బారులు తీరి వచ్చే ఈ ఉత్సవానికి లక్షలాది మంది హాజరవుతారు. జనసమ్మర్దం ఇష్టం లేనివారు ఆ వారాంతాన్ని తప్పించుకొనడం మంచిది.

వేసవికాలం (జూన్ - ఆగష్టు)

ఇది రద్దీ కాలం. ప్లాంటెన్ ఉన్ బ్లోమెన్ ఉద్యానవనంలో వేసవి రాత్రులలో సంగీతానికి అనుగుణంగా రంగుల దీపాలతో నీటి ఫౌంటెన్ల ప్రదర్శన జరుగుతుంది. ఓవెల్‌గ్యోన్నె వద్ద ఎల్బే ఇసుక తీరాన ప్రజలు రాత్రి పొద్దుపోయే వరకు కూర్చుంటారు. అయితే నదిలో ప్రవాహపు వేగం, పెద్ద ఓడలు లేపే అలల వలన అక్కడ ఈత కొట్టడం ప్రమాదకరం.

వేసవిలో జర్మన్ బడుల సెలవులు కూడా కలిసి రావడంతో హోటళ్ళ అద్దెలు పెరుగుతాయి. చాలా ఇళ్ళలోను, కొన్ని పాత హోటళ్ళలోను ఎయిర్ కండిషనర్లు ఉండవు. వడగాడ్పు వచ్చిన రోజులలో ఇది ఇబ్బంది కలిగిస్తుంది. జూన్ మొదటి మూడు వారాలలో వెళ్ళినవారు తెల్ల ఆస్పరాగస్ రుచి చూడవచ్చును. ఆనవాయితీ ప్రకారం దాని కోత జూన్ 24తో ముగుస్తుంది.

ఆకురాలు కాలం (సెప్టెంబరు - నవంబరు)

సెప్టెంబరు మొదటి సగంలో పగటి ఉష్ణోగ్రత 18 డిగ్రీలకు పైగా ఉంటుంది, పగలు ఇంకా 13 గంటలు ఉంటుంది, సెలవుల రద్దీ తగ్గుతుంది. ఆల్టెస్ లాండ్‌లో ఆపిల్ కోతలు జరిగేది ఈ కాలంలోనే. సరి సంవత్సరాల సెప్టెంబరులో ఎస్.ఎమ్.ఎమ్. అనే అంతర్జాతీయ నౌకా పరిశ్రమ ప్రదర్శన జరుగుతుంది. ఆ రోజులలో గదులు దొరకడం కష్టం. అక్టోబరు నుండి గాలి, ముసురు పెరుగుతాయి. నవంబరు మొదటి మూడు వారాలు ఏడాదిలో అన్నిటికంటే వెలవెలబోయే సమయం. అప్పటికి ఆకులు రాలిపోయి ఉంటాయి, క్రిస్మస్ సంతలు ఇంకా మొదలై ఉండవు.

శీతాకాలం (డిసెంబరు - ఫిబ్రవరి)

నవంబరు చివరి వారం నుండి నగర సభాభవనం ముందరి రాట్‌హౌస్‌మార్క్ట్ మైదానంలోను, ఇతర కూడళ్ళలోను క్రిస్మస్ సంతలు వెలుస్తాయి. సాయంత్రం 4 గంటలకే చీకటి పడటం ఇతర యాత్రికులకు లోటయినా, దీపాలతో అలంకరించిన ఈ సంతలకు అదే శోభనిస్తుంది. ముఖ్యమైన సంతలు చాలావరకు డిసెంబరు 23తో ముగుస్తాయి. డిసెంబరు 25, 26 తేదీలు ప్రభుత్వ సెలవు దినాలు కావడంతో దుకాణాలు మూసి ఉంటాయి.

ఆల్‌స్టర్ సరస్సు గడ్డకట్టి, దానిపై జనం నడిచే దృశ్యం ప్రసిద్ధమైనదే గాని, దానిని ఆశించి ప్రయాణం పెట్టుకోరాదు. మంచు 20 సెంటీమీటర్ల మందానికి చేరినప్పుడే అధికారులు సరస్సుపై ఉత్సవానికి అనుమతిస్తారు. 1997 తరువాత 2012 ఫిబ్రవరిలో గాని ఆ అవకాశం రాలేదు. అనుమతి లేనప్పుడు మంచుపై అడుగు పెట్టడం ప్రాణాపాయం.

చలికాలపు ప్రయాణికులకు లోపలి ప్రదేశాలు ఆసరాగా నిలుస్తాయి. 2017 జనవరిలో ప్రారంభమైన ఎల్బ్‌ఫిల్‌హార్మొనీ సంగీత మందిరం, 2001 నుండి నడుస్తున్న మినియాటుర్ వుండర్‌లాండ్ అనే చిట్టి రైళ్ళ ప్రదర్శనశాల, 1911లో తెరచిన పాత ఎల్బే సొరంగం వీటిలో ముఖ్యమైనవి. చిట్టి రైళ్ళ ప్రదర్శనశాల ఉన్న ష్పైషర్‌ష్టాట్ గిడ్డంగుల ప్రాంతాన్ని యునెస్కో 2015లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

ఉప్పెన కాలం

సముద్రం దూరంగా ఉన్నప్పటికీ ఆటుపోట్లు ఎల్బే గుండా హాంబర్గ్ వరకు వస్తాయి. రేవులో పోటుకు, పాటుకు మధ్య నీటిమట్టపు తేడా మూడున్నర మీటర్లకు పైగా ఉంటుంది. శరత్తు నుండి వసంతారంభం వరకు వీచే తీవ్రమైన వాయవ్యపు గాలులు సముద్రపు నీటిని నదీముఖంలోకి నెట్టినప్పుడు ఉప్పెన వస్తుంది.

1962 ఫిబ్రవరి 16-17 రాత్రి వచ్చిన ఉప్పెనలో కరకట్టలు అనేక చోట్ల తెగి, హాంబర్గ్‌లో 315 మంది మరణించారు. రెండు నదీపాయల మధ్య ఉన్న విల్‌హెల్మ్స్‌బుర్గ్ ప్రాంతం ఎక్కువగా నష్టపోయింది. అప్పుడు సహాయ కార్యక్రమాలను నడిపించిన హెల్ముట్ ష్మిట్ తరువాత 1974లో పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ అయ్యాడు. నగర విమానాశ్రయానికి 2016లో ఆయన పేరు పెట్టారు. ఆ విపత్తు తరువాత కట్టలను ఎత్తు పెంచారు. అందువలన 1976 జనవరి 3న నీరు 1962 నాటి 5.70 మీటర్లను దాటి 6.45 మీటర్లకు చేరినప్పటికీ ఆనాటి ప్రాణనష్టం పునరావృతం కాలేదు. 2013 డిసెంబరులో వచ్చిన ఉప్పెన కూడా 6 మీటర్లు దాటింది.

ఈనాడు పర్యాటకులకు ఉప్పెన వలన ప్రాణభయం తక్కువ. కాని కట్టకు వెలుపల, నది వైపున ఉన్న చేపల సంత ప్రాంతం కొన్ని చలికాలాలలో పలుమార్లు మునుగుతుంది. హెచ్చరిక వెలువడినప్పుడు అక్కడ వాహనాలను నిలపరాదు, నీటి అంచుకు వెళ్ళరాదు.

ప్రయాణ ఏర్పాట్లు

* వీసా: భారత పౌరులకు షెంజెన్ వీసా అవసరం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుండి దరఖాస్తు చేసుకొనవచ్చును. వేసవి ప్రయాణికులు శీతాకాలంలోనే ఏర్పాట్లు మొదలుపెట్టడం ఉత్తమం.
* కాలమానం: మార్చి చివరి ఆదివారం నుండి అక్టోబరు చివరి ఆదివారం వరకు భారత కాలమానం కంటే మూడున్నర గంటలు, మిగిలిన రోజులలో నాలుగున్నర గంటలు వెనుక ఉంటుంది.
* దుస్తులు: గాలికి గొడుగు తిరగబడుతుంది గనుక టోపీ గల వాన కోటు మేలు. జూన్ రాత్రులలో కూడా పల్చని ఉన్ని దుస్తు అవసరమవుతుంది.
* చేపల సంత: 1703 నుండి జరుగుతున్న ఈ ఆదివారపు సంత వేసవిలో ఉదయం 5 గంటలకు, చలికాలంలో 7 గంటలకు మొదలై 9:30కు ముగుస్తుంది.

అవసరాన్ని బట్టి ఎంపిక

* మొదటిసారి వెళ్ళేవారు, చిన్నపిల్లలు, వృద్ధులు: మే రెండవ సగం నుండి జూన్ చివరి వరకు.
* పూల తోటలు చూడదలచినవారు: ఏప్రిల్ చివరి వారం, మే మొదటి వారాలు.
* రద్దీ తక్కువగా ఉండాలనుకొనేవారు: సెప్టెంబరు మొదటి సగం, ప్రదర్శనల తేదీలను సరిచూసుకొని.
* సంతలు, దీపాలంకరణ కోరేవారు: నవంబరు చివరి వారం నుండి డిసెంబరు 23 వరకు.
* సంగీతం, ప్రదర్శనశాలలే ప్రధానమైనవారు, తక్కువ ఖర్చు కోరేవారు: జనవరి, ఫిబ్రవరి నెలలు.

ఇవి కూడా చూడండి

* హాంబర్గ్
* ఎల్బే నది
* ఉత్తర సముద్రం
* బ్రెమెన్
* ల్యూబెక్