గాటు చిన్నదైన కాలంలో చేతి సాధన

గోదావరి డెల్టాకు చెందిన యువకులు సర్జన్ కావాలనుకుంటే ఒకప్పుడు మద్రాసుకో, 1923లో ఆంధ్ర వైద్య కళాశాల ఏర్పడిన తరువాత విశాఖపట్నానికో వెళ్లవలసి వచ్చేది. 1958లో దాతల చేయూతతో కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల వెలసిన తరువాత ఆ విద్య డెల్టా గడ్డ మీదే స్థిరపడింది. నేర్పే తీరు మాత్రం దేశమంతటా ఉన్నదే. జూనియర్లు మొదట గాటు అంచులను విడదీసి పట్టే రిట్రాక్టర్‌తో గంటల తరబడి నిలబడేవారు; కొన్నాళ్లకు చర్మం కుట్టేవారు; తీరిక వేళల్లో కుర్చీ చేతికో బల్ల సొరుగు పిడికో దారం కట్టి ముడులు వేసి చూసుకునేవారు; చివరకు ప్రొఫెసర్ ఎదురుగా ఉండగా కత్తి పట్టేవారు. ఈ పద్ధతిలో రోగికి ఒక రక్షణ ఉంది. కడుపు మీద జానెడు గాటు ఉన్నంతకాలం శిష్యుడి చెయ్యి తప్పుదారి పడితే గురువు చెయ్యి వెంటనే దాన్ని ఆపగలదు, రక్తం చిమ్మితే ఆ చోటును వేలితో నొక్కి పట్టగలదు.

చిన్న రంధ్రాల గుండా కడుపులోకి చూసే పరికరాన్ని డెల్టా పల్లెలు చాలావరకు కుటుంబ నియంత్రణ శిబిరాల్లోనే మొదట ఎరిగాయి. 1980ల నాటికే రాష్ట్రమంతటా జరుగుతూ వచ్చిన ఆ ఆపరేషన్‌ను జనం నేటికీ డీపీఎల్ అనే అంటారు. డబుల్ పంక్చర్ లాపరోస్కోపీ అన్న మాటకు అది పొడి రూపం. ఒక రంధ్రంలో చూసే గొట్టం, మరొక రంధ్రంలో గర్భనాళాలకు రింగు తొడిగే పరికరం ఉంటాయి. ఆ రోజుల్లో గొట్టానికి కన్ను ఆనించిన డాక్టరు ఒక్కరికే లోపలి దృశ్యం కనిపించేది కనుక పక్కన నిలబడ్డ జూనియర్‌కు నేర్చుకోవడానికి దక్కేది స్వల్పం.

1980ల మధ్యలో గొట్టానికి చిన్న వీడియో కెమెరా అమరడంతో ఆ దృశ్యం తెర మీదికి వచ్చి గదిలో అందరిదీ అయింది. జర్మనీలో ఎరిక్ మ్యూహె 1985లో, ఫ్రాన్సులో ఫిలిప్ మూరే 1987లో పిత్తాశయాన్ని చిన్న రంధ్రాల గుండా తొలగించగా, భారతదేశంలో ఆ ఆపరేషన్‌ను తెహెంతన్ ఉద్వాడియా 1990 మే 31న ముంబయి జేజే ఆసుపత్రిలో మొదటిసారి చేశారు. కోత చిన్నది, నొప్పి తక్కువ, రోగి త్వరగా ఇల్లు చేరతాడు. కాని పెద్ద గాటుతో వందల ఆపరేషన్లు చేసిన సర్జన్లు సైతం రెండు మూడు రోజుల శిక్షణతో ఈ పనికి పూనుకోవడంతో అనేక దేశాల్లో పిత్తనాళాలు తెగిన సంఘటనలు పెరిగాయి. పిత్తనాళం అంటే కాలేయం నుంచి పేగులోకి పైత్యరసాన్ని చేర్చే సన్నని గొట్టం. దాన్ని పొరపాటున కత్తిరిస్తే రోగి జీవితకాలం బాధపడవలసి రావచ్చు. అందుకే 1992లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్య శాఖ ఈ ఆపరేషన్ చేసేవారి శిక్షణకు మార్గదర్శకాలు జారీ చేసింది.

అనుభవజ్ఞుల చేతులు ఇక్కడ తడబడడానికి కారణం పరికరం ఉన్న తీరులోనే ఉంది. సుమారు 30 సెంటీమీటర్ల పొడవున్న సన్నని కడ్డీ కడుపు గోడలోని రంధ్రం దగ్గర ఇరుసు మీద తిరిగినట్టు తిరుగుతుంది కనుక పిడిని కుడికి జరిపితే లోపలి మొన ఎడమకు పోతుంది. తెర మీది బొమ్మలో లోతు తెలియదు. కణజాలం మెత్తదో గట్టిదో వేళ్లకు సరిగా అందదు. అన్నిటికన్నా ముఖ్యంగా, శిష్యుడి పరికరం తప్పిపోతున్నప్పుడు గురువు వేలు అక్కడికి చేరలేదు. తరతరాల గురుశిష్య పద్ధతి ఆ ఒక్క చోట తెగిపోయింది.

తప్పు చేయక తప్పని తొలి దశను రోగి శరీరం మీద కాక వేరొక వస్తువు మీద గడపాలన్న ఆలోచన మన దేశానికి కొత్తది కాదు. సుశ్రుత సంహిత సూత్రస్థానం తొమ్మిదవ అధ్యాయం పూర్తిగా ఇదే విషయానికి కేటాయించబడింది: కోత సాధనకు గుమ్మడి, ఆనప, పుచ్చ, దోస వంటి కాయలు, సిర గుచ్చడానికి చచ్చిన పశువుల రక్తనాళాలు, తామర తూళ్లు, కుట్టడానికి దళసరి గుడ్డ, మెత్తని తోలు, కట్టు కట్టడానికి మనిషి ఆకారపు బొమ్మ వాడాలని అది నిర్దేశిస్తుంది. శాస్త్రం ఎంత చదివినా ఈ సాధన లేనివాడు పనికి తగడన్న ఆ గ్రంథ నిర్ణయాన్ని ఆధునిక శస్త్రవైద్యం చాలా ఆలస్యంగా తిరిగి అందుకుంది.

చిన్న రంధ్రాల గుండా చేసే ఈ కీహోల్ సర్జరీలో ఆ వస్తువు ఒక పెట్టె. జర్మన్ వైద్యుడు కుర్ట్ సెమ్ పెల్విట్రైనర్ పేరుతో దాన్ని రూపొందించాడు. తరువాత కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో గెరాల్డ్ ఫ్రైడ్ బృందం 1990లలో కొలవదగిన అభ్యాసాలను తయారుచేసింది. వాటి ఆధారంగా 2004లో అమెరికా సర్జన్ల సంఘాలు ఎఫ్ఎల్ఎస్ అనే పరీక్షను నెలకొల్పాయి. అందులో మొదటి అభ్యాసం చూడడానికి పిల్లల ఆటలా ఉంటుంది. పెట్టెలోపల పలక మీద నిలబెట్టిన మేకులకు ఆరు రబ్బరు ముక్కలు తొడిగి ఉంటాయి. అభ్యాసకుడు ఒక్కొక్క ముక్కను అలవాటు లేని చేతి పరికరంతో పైకెత్తి, గాలిలోనే రెండవ చేతి పరికరానికి అందించి, అవతలి మేకుకు తొడగాలి. ఆరూ చేరాక అదే పనిని తిరుగుదారిలో చేయాలి. దీనికి గరిష్ఠ సమయం 300 సెకన్లు, నైపుణ్యం వచ్చినట్టు భావించే సమయం 48 సెకన్లు. గాజుగుడ్డ మీద గీసిన వలయం వెంట కత్తిరించడం, ఉచ్చు బిగించడం, పెట్టె బయటా లోపలా ముడులు వేయడం మిగిలిన నాలుగు. లోపల వేసే ముడి దగ్గరే ఎక్కువమంది పీజీ విద్యార్థులు చిక్కుకుంటారు.

కంప్యూటర్ సృష్టించిన దృశ్యంలో సాధన చేయించే యంత్రాలు కూడా వచ్చాయి. 2002లో వెలువడిన యేల్ విశ్వవిద్యాలయ అధ్యయనంలో అటువంటి యంత్రం మీద తర్ఫీదు పొందినవారు పిత్తాశయాన్ని కాలేయం నుంచి 29 శాతం తక్కువ సమయంలో విడదీశారు. తర్ఫీదు లేనివారు పిత్తాశయాన్ని గాయపరచే లేదా వేరే కణజాలాన్ని కాల్చే అవకాశం ఐదు రెట్లు ఎక్కువగా కనిపించింది. పాల్గొన్నవారు 16 మందే అయినా, యంత్రం మీద నేర్చిన నేర్పు థియేటర్‌లోకి నడిచి వస్తుందని చూపిన తొలి గట్టి సాక్ష్యం అది.

డెల్టాలో ఈ మార్పు ప్రధానంగా ప్రైవేటు ప్రాంగణం గుండా వచ్చింది. రాజమహేంద్రవరం చేరువలో రాజానగరం వద్ద 2003లో మొదలైన జీఎస్ఎల్ వైద్య కళాశాల స్మార్ట్ ల్యాబ్ పేరుతో అనుకరణ శిక్షణ కేంద్రాన్ని నెలకొల్పింది. 2019 నుంచి అమలైన ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళిక ప్రతి కళాశాలకూ నైపుణ్య ప్రయోగశాలను తప్పనిసరి చేసింది కాని, దాని లక్ష్యం సూది వేయడం, గొట్టం అమర్చడం వంటి మౌలిక పనులు; కీహోల్ సర్జరీ సాధన పీజీ స్థాయికి చెందుతుంది. 2023లో రాజమహేంద్రవరంలోనూ ఏలూరులోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైన నేపథ్యంలో ఖరీదైన యంత్రం కోసం ఎదురుచూడడం పొరపాటే అవుతుంది, ఎందుకంటే తొలిమెట్టు నైపుణ్యాలకు సాధారణ పెట్టె దాదాపు అంతే ఉపకరిస్తుంది. ఒక వెబ్‌క్యామ్, ఒక దీపం, పాతబడిన రెండు పరికరాలు, మాంసం దుకాణం నుంచి తెచ్చిన కోడి తొడ ఉంటే కుట్టు సాధన అదే రోజు మొదలవుతుంది. పెట్టెను ప్రయోగశాలలో తాళం వేసి ఉంచకుండా డ్యూటీ గది పక్కన పెట్టాలి. అధ్యాపకుడు ప్రతి పీజీ సమయాన్ని నమోదు చేసి, నిర్ణీత హద్దు చేరినవారికే థియేటర్‌లో పరికరం అందించాలి. అమెరికా సర్జరీ బోర్డు 2009-10 నుంచి తన ధ్రువపత్రానికి ఎఫ్ఎల్ఎస్ ఉత్తీర్ణతను షరతు చేసింది. కాకినాడలోనైనా ఏలూరులోనైనా అటువంటి నియమం పెట్టుకోవడానికి విభాగాధిపతి సంతకం చాలు.