రేడియో కూత నించి శ్రుతిపెట్టె దాకా



పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే పక్క అరలో రేడియో పెట్టుకుని పనిచేసుకునే అలవాటు మనలో చాలామందిది. స్టేషను కోసం నాబ్ తిప్పుతూ ఉంటే ఒక్కోసారి 'కూ'మని సన్నగా ఈల వినిపించేది గుర్తుందా? తిప్పేకొద్దీ ఆ ఈల లావయి, బొంగురుపోయి, చివరికి మాయమయ్యేది. చెవులు మూసుకుని విసుక్కునేవాళ్ళం గానీ, సంగీతం నేర్చుకునేవాళ్ళకి మొదటి పాఠం ఆ కూతలోనే ఉందంటే నమ్ముతారా?

మాది జగ్గయ్యపేట దగ్గర గరికపాడు. హైదరాబాదు నించి విజయవాడ వెళ్ళే పెద్ద రోడ్డు మీద, పాలేటి వంతెన దగ్గర ఊరు. 2022లో ఎన్టీఆర్ జిల్లాలో కలిసింది గానీ మా నోటికి ఇంకా కృష్ణా జిల్లా మెట్టే. 1948 డిసెంబరు 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రం మొదలయ్యాక ఆ పాటలు మా ఊళ్ళకీ చేరాయి. రాత్రిపూట మాత్రం ఎక్కడెక్కడి స్టేషన్లో వచ్చి దాని మీద పడేవి. రెండు స్టేషన్ల అలలు దగ్గరదగ్గరగా వచ్చి కలిస్తే, వాటి మధ్య ఉన్న తేడా మనకి ఈలగా వినిపిస్తుంది. తేడా వెయ్యి ఉంటే సెకనుకి వెయ్యి కంపనాల ఈల. తేడా తగ్గితే ఈల దిగుతుంది. తేడా సున్నా అయితే ఈలే లేదు.

ఇంకో సంగతి. రేడియో పెట్టె లోపల ఆసిలేటరు అని ఒకటుంటుంది, అంటే విద్యుత్తుని ఆగకుండా కంపింపజేసే ఏర్పాటు. విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్ మీద వస్తోందనుకోండి, మన పెట్టెలో ఆసిలేటరు 1292కి చేరాలి. ఎప్పుడూ ఆ 455 తేడా నిలబడాలి. కాబట్టి నాబ్ తిప్పిన ప్రతి ఇల్లాలూ ఒక ఆసిలేటరుని శ్రుతి చేసిందన్నమాటే! 1920లో రష్యాలో లెవ్ థెరెమిన్ అనే శాస్త్రజ్ఞుడు ఈ కూతనే వాద్యంగా మార్చాడు. చెవికి అందని రెండు ఆసిలేటర్లు పెట్టి, వాటి తేడాని వినిపించాడు. చెయ్యి దగ్గరికి తెస్తే ధ్వని పెరుగుతుంది, దూరం జరిపితే దిగుతుంది. వాద్యాన్ని ముట్టుకోవలసిన పనే లేదు.

మరి మన పాటకీ దీనికీ ఏమిటి సంబంధం అంటారా? తంబురా శ్రుతి చేసే ఆవిడని గమనించండి. రెండు తీగలు దాదాపు కలిశాయనగా 'వావ్ వావ్' మని ఊగుతుంది. ఒకటి 240 కంపనాలు, ఇంకొకటి 242 అయితే సెకనుకి రెండు ఊపులు. పూస కొంచెం జరిపితే ఊపు నెమ్మదిస్తుంది, ఇంకొంచెం జరిపితే ఆగిపోతుంది. ఆ ఆగిపోవడమే శ్రుతి కలవడం. మన రేడియో కూత మాయమైనట్టే.

స్వరాల లెక్క కూడా కష్టమేమీ కాదు. షడ్జం 240 అయితే పై షడ్జం దానికి రెట్టింపు, 480. పంచమం ఒకటిన్నర రెట్లు, 360. అంతర గాంధారం ఒకటింబావు, 300. తంబురా ముందు కూర్చుని పాడే గొంతు ఈ లెక్కలు తెలియకుండానే అక్కడికి వెళ్ళి ఆగుతుంది. చిక్కు ఎక్కడొస్తుందంటే, పంచమానికి పంచమం, దానికి మళ్ళీ పంచమం అంటూ పన్నెండు మెట్లు ఎక్కితే సరిగ్గా ఏడు స్థాయిల పైన షడ్జం రావాలి గదా? రాదు. కాస్త దాటిపోతుంది. అందుకని పడమటి దేశాలవాళ్ళు ఆ మిగులుని పన్నెండు స్వరాలకీ సమంగా పంచేశారు. పంచమం 359.6 అయింది, దాన్ని చెవి పట్టించుకోదు. గాంధారం మాత్రం 302.4 అయి కూర్చుంది. ఆ రెండు చిల్లర దగ్గరే పెద్ద తగాదా వచ్చింది.

ఆ తగాదా హార్మోనియం మీద. 1842లో పారిస్‌లో డెబేన్ అనే ఆయన పేటెంటు తీసుకున్న ఈ పెట్టె, కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ చేతుల్లో కాళ్ళతో తొక్కే పని పోయి, ఒక చేత్తో తిత్తి ఊదుతూ నేల మీద కూర్చుని వాయించేదిగా మారింది. మన నాటకాలవాళ్ళకి అది దేవుడిచ్చిన వరం. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళయినా, నందిగామలో పందిరి కింద హరిశ్చంద్ర అయినా, హార్మోనియం లేనిదే తెర లేచేది కాదు. మైకులు లేని రోజుల్లో ఆఖరి వరస దాకా పద్యం వినిపించాలంటే పెద్ద గొంతూ కావాలి, ఆ గొంతుకి ఆసరాగా నిలబడే గట్టి శ్రుతీ కావాలి.

రేడియోవాళ్ళకి అది గిట్టలేదు. ఢిల్లీ కేంద్రంలో పాశ్చాత్య సంగీతం చూసిన జాన్ ఫౌల్డ్స్ దాన్ని దుయ్యబడుతూ రాశారు. రవీంద్రనాథ్ ఠాగూరు కూడా వ్యతిరేకే. 1940 మార్చి 1 నించి ఆకాశవాణిలో హార్మోనియం నిషేధం. 1971లో గానీ, అదీ కొన్ని షరతులతోనే గానీ, సడలలేదు. అంటే మా విజయవాడ కేంద్రం పుట్టిన నాటి నించి ఇరవై రెండేళ్ళకి పైగా, తిరునాళ్ళలో తెల్లవార్లూ వినే వాద్యం రేడియోలో వినపడదు. ఊళ్ళో ఉన్నది రేడియోకి పనికిరాదు!

వాళ్ళ ఆక్షేపణలో నిజం లేకపోలేదు. గమకం పలకదు, ఒక మెట్టు నించి ఇంకో మెట్టుకి జారలేం. వయొలిన్ కూడా పరాయి వాద్యమే, కానీ వేలు జారుతుంది. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతిలో అది మనదైపోయింది. మన నూజివీడు వీణకి మెట్లు మైనంలో కూర్చేటప్పుడు ఒక్కొక్కటీ చెవితో విని జరుపుతారు. హార్మోనియంలో ఆ వీలు లేదు. లోపలి ఇత్తడి నాలుక కొసన గీకితే ధ్వని పెరుగుతుంది, మొదట్లో గీకితే దిగుతుంది. అది పనివాడు చెయ్యాల్సిందే, వాయించేవాళ్ళు కాదు. అయినా తమాషా చూడండి. "మీది ఎన్నో శ్రుతి?" అని అడిగితే "ఒకటి", "అయిదు", "అయిదున్నర" అంటారు గదా విద్వాంసులు? ఆ అంకెలు హార్మోనియం మెట్లవే! మొదటి తెల్లమెట్టు ఒకటి, అయిదో తెల్లమెట్టు అయిదు, దాని పక్క నల్లమెట్టు అయిదున్నర. వాద్యాన్ని వెలివేసినా దాని కొలబద్దని మాత్రం వదల్లేదు.

ఇక్కడే మన ఆడవాళ్ళ సంగతి వస్తుంది. పెళ్ళిచూపుల్లో ఒక పాట పాడాలని ఆడపిల్లకి సంగీతం చెప్పించేవారు. మేష్టారు ఇంటికి వచ్చి ఆయన గొంతుకి అనువైన ఒకటో శ్రుతిలో మొదలుపెట్టేవారు. మగవారి ఒకటో శ్రుతిలో షడ్జం సుమారు 131. ఆడవారి అయిదో శ్రుతిలో 196. మేష్టారి పంచమమే పిల్లకి షడ్జం అన్నమాట. ఆయన షడ్జంలోనే పాడమంటే పిల్ల గొంతు లోతుకి పోయి వినపడదు. దానికి రెట్టింపు 262లో పాడమంటే తారస్థాయిలో అరుపే. ఎన్నో ఇళ్ళల్లో "మా పిల్లకి గొంతు లేదండీ" అని పాఠం మానిపించేశారు. గొంతు లేకపోవడం కాదు, శ్రుతి పిల్లది కాదు. తంబురా మార్చాలంటే తీగల లావు దగ్గర్నించీ మార్చాలి, ఇంట్లో రెండో తంబురా ఎవరు కొంటారు?

ఆసిలేటరు ఈ చిక్కు విప్పింది, తొందరగా కాదు గానీ. అమెరికాలో రాబర్ట్ మూగ్ 1964లో సింథసైజరు తయారుచేశారు. ఒక వోల్టు పెంచితే ఒక స్థాయి పైకి వెళ్ళే లెక్క. 1970లో వచ్చిన మినీమూగ్ చిన్నదే గానీ, వేడెక్కేకొద్దీ శ్రుతి జారేది. వాయించేవాళ్ళు ముందే స్విచ్చి వేసి, కాస్త కుదుటపడ్డాక చెవితో సరిచేసుకునేవారు. మన తంబురా ఎండకీ వానకీ జారినట్టే! 1979 ప్రాంతాన బెంగుళూరులో, వేణువు వాయించే ఇంజనీరు జి. రాజ్ నారాయణ్ ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె చేశారు. అరచేతి నాబ్ తిప్పితే ఒకటి నించి అయిదున్నరకి. గమకం మాట అటుంచండి, అది పాడేవాళ్ళ పని. శ్రుతి మాత్రం పాడే పిల్ల చేతికి వచ్చింది. ఇప్పుడు ఫోనులోనే వచ్చేసింది, జారడం కూడా లేదు.

మీ ఇంట్లో పిల్ల ఉంటే సాయంత్రం ఒక పని చెయ్యండి. ఫోనులో శ్రుతి పెట్టి, హాయిగా మాట్లాడుకునే గొంతుతోనే 'స' అనమనండి. 'వావ్ వావ్' మని ఊగితే ఏమీ అనకండి, నాబ్ కొంచెం కొంచెంగా జరపమనండి. ఊపు ఆగిన చోట, ఆ అంకెని పాటల పుస్తకం మొదటి పేజీలో పెన్సిలుతో రాసిపెట్టండి. ఏడాది తరవాత మారొచ్చు కూడా.