ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలలో గృహ బ్రాడ్‌బ్యాండ్

ఉదయగిరి, ఆత్మకూరు ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రంలోని శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా పశ్చిమ భాగానికి చెందిన మండల కేంద్రాలు. ఈ ప్రాంతంలో ఇండ్లకు అందే వేగవంతమైన, నిరంతర అంతర్జాల సౌకర్యాన్ని గృహ బ్రాడ్‌బ్యాండ్ అంటారు. ఇల్లు మారే కుటుంబానికి కొత్త ఇంటిలో లభించే వేగం సంస్థ పేరును బట్టి గాని, ప్రకటించిన ప్లానును బట్టి గాని నిర్ణయం కాదు. ఆ వీధి స్తంభం వరకు ఏ తీగ వచ్చినది, అక్కడి నుండి ఇంటిలోనికి ఎలా చేరుతున్నది అనే విషయాలపైనే అది ఆధారపడి ఉంటుంది. 2020లో కోవిడ్-19 కారణంగా చదువులు, ఉద్యోగాలు ఇండ్లలోనికి మారిన తరువాత, ఇల్లు చూసుకునేటప్పుడు నీటి వసతి, విద్యుత్తుతో పాటు ఈ సౌకర్యాన్ని కూడా పరిశీలించవలసిన అవసరం ఏర్పడింది.

భౌగోళిక నేపథ్యం

నెల్లూరు జిల్లా తూర్పున బంగాళాఖాతం, పడమట వెలిగొండలు ఉన్నాయి. ఆత్మకూరు నెల్లూరు నుండి బద్వేలు వైపు వెళ్ళే 67వ జాతీయ రహదారి మీద ఉన్నది. ఉదయగిరి దానికి వాయవ్యంగా, కోట ఉన్న కొండ పాదం వద్ద ఉన్నది. రెండు ఊళ్ళూ జిల్లా కేంద్రానికి దూరమే. టెలిఫోను వ్యవస్థలో ఇవి వేర్వేరు ప్రాంతాలు: ఉదయగిరి ఎస్టీడీ కోడు 08620, ఆత్మకూరు ఎస్టీడీ కోడు 08627. అందువలన ఒక ఊరి నుండి మరొక ఊరికి ఇల్లు మారినవారికి పాత ల్యాండ్‌లైను సంఖ్య అలాగే కొనసాగదు.

ప్రధాన రహదారి వెంట ఉన్న ఊళ్ళకు ఆప్టికల్ ఫైబర్ తీగను తీసుకొని వెళ్ళడం సులభం. కొండల పక్కన విడివిడిగా ఉన్న పల్లెలకు తీగ పొడవు పెరుగుతుంది, చందాదారుల సంఖ్య తగ్గుతుంది. కొండలు రేడియో తరంగాలకు కూడా అడ్డు వస్తాయి. టవరుకు, ఇంటికి మధ్య కొండ ఉన్నచో దూరం తక్కువైనా సంకేతం బలహీనంగా ఉంటుంది.

చరిత్ర

భారత ప్రభుత్వ టెలికాం విభాగపు సేవలు 2000 అక్టోబరు 1న భారత్ సంచార్ నిగమ్ లిమిటెడ్ (బీఎస్ఎన్ఎల్) కు బదిలీ అయ్యాయి. ఆ రోజులలో ఇంటి నుండి అంతర్జాలం చూడాలంటే టెలిఫోను తీగ ద్వారా డయలప్ పద్ధతే ముఖ్యమైనది. దాని గరిష్ఠ వేగం సెకనుకు 56 కిలోబిట్లు. 2004 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన బ్రాడ్‌బ్యాండ్ విధానం సెకనుకు 256 కిలోబిట్లను కనీస వేగంగా నిర్వచించింది. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ పేరుతో రాగి తీగల మీద ఏడీఎస్ఎల్ సేవను ప్రారంభించింది. ఈ పద్ధతిలో ఎక్స్ఛేంజి నుండి ఇల్లు దూరమయ్యే కొద్దీ వేగం తగ్గుతుంది. ఎక్స్ఛేంజి పక్క వీధికి, ఊరి చివరకు మధ్య తేడా కనిపించడానికి ఇదే కారణం.

కనీస వేగపు నిర్వచనం 2013లో 512 కిలోబిట్లకు, 2023 జనవరిలో 2 మెగాబిట్లకు పెరిగింది. 2018 నాటి జాతీయ డిజిటల్ కమ్యూనికేషన్ల విధానం 2022 నాటికి ప్రతి పౌరునికి 50 మెగాబిట్ల వేగం అందించాలని లక్ష్యం పెట్టుకున్నది.

గ్రామ పంచాయతీలకు ఆప్టికల్ ఫైబర్ వేయడానికి ఉద్దేశించిన జాతీయ పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2011 అక్టోబరులో ఆమోదించింది. తరువాత దీనికి భారత్‌నెట్ అని పేరు పెట్టారు. ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం 2015లో ఆంధ్ర ప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ లిమిటెడ్ అనే సంస్థను స్థాపించింది. ఇది భూమిని తవ్వకుండా, ఉన్న విద్యుత్ స్తంభాల మీదుగానే తీగను లాగే పద్ధతిని ఎంచుకొని, మొదటి దశలో సుమారు 24,000 కిలోమీటర్ల తీగ వేసింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ పథకాన్ని ప్రారంభించారు. ఆరంభంలో నెలకు 149 రూపాయల ప్లానులో టీవీ ఛానళ్ళు, టెలిఫోను, సెకనుకు 15 మెగాబిట్ల వేగంతో పరిమిత డేటా ఇచ్చారు. ఊళ్ళలోని కేబుల్ టీవీ ఆపరేటర్లే ఈ సేవను ఇండ్లకు అందించారు.

ప్రైవేటు రంగంలో రిలయన్స్ జియో 2016 సెప్టెంబరులో 4జీ మొబైల్ సేవలను, 2019 సెప్టెంబరులో గృహ ఫైబర్ సేవను ప్రారంభించింది. 2023లో ఎయిర్‌టెల్, జియో సంస్థలు 5జీ సంకేతంతో తీగ లేకుండా ఇంటికి అంతర్జాలం ఇచ్చే ఎయిర్‌ఫైబర్ సేవలను తెచ్చాయి. ఇవి మొదట పెద్ద నగరాలలో మొదలై తరువాత విస్తరించాయి. 2019 నుండి 2022 ఫిబ్రవరిలో మరణించే వరకు రాష్ట్ర పరిశ్రమలు, సమాచార సాంకేతిక శాఖల మంత్రిగా పనిచేసిన మేకపాటి గౌతమ్ రెడ్డి ఆత్మకూరు శాసనసభ నియోజకవర్గ ప్రతినిధి.

2023 ఆగస్టులో కేంద్రం భారత్‌నెట్ సవరణ పథకాన్ని 1,39,579 కోట్ల రూపాయల అంచనాతో ఆమోదించింది. ఇందులో తీగను వలయాకారంగా వేయడం ముఖ్యమైన మార్పు. ఒకచోట తెగినా రెండవ వైపు నుండి సమాచారం ప్రవహిస్తుంది.

వేగం అంటే ఏమిటి

ప్రకటనలలో వేగాన్ని సెకనుకు మెగాబిట్లలో చెబుతారు. ఫైళ్ళ పరిమాణాన్ని మెగాబైట్లలో కొలుస్తారు. 8 బిట్లు ఒక బైటు. కావున 100 మెగాబిట్ల కనెక్షనులో సెకనుకు గరిష్ఠంగా 12.5 మెగాబైట్లు దిగుతాయి. ఒక గిగాబైటు పరిమాణం గల పాఠం వీడియో దిగడానికి పట్టే కాలం సుమారుగా ఇలా ఉంటుంది:

- డయలప్, 56 కిలోబిట్లు: 40 గంటలు
- 256 కిలోబిట్లు: 8 గంటల 40 నిమిషాలు
- 2 మెగాబిట్లు: 1 గంట 7 నిమిషాలు
- 15 మెగాబిట్లు: 9 నిమిషాలు
- 100 మెగాబిట్లు: 80 సెకన్లు

దిగుమతి వేగం, ఎగుమతి వేగం వేరు. ఆన్‌లైన్ తరగతిలో మాట్లాడే విద్యార్థికి, ఇంటి నుండి పనిచేసే ఉద్యోగికి ఎగుమతి వేగం కూడా ముఖ్యం. ఫైబర్ కనెక్షనులో ఈ రెండూ సమానంగా ఇచ్చే ప్లాన్లు ఉంటాయి. ఏడీఎస్ఎల్‌లో, మొబైల్ సంకేతంలో ఎగుమతి వేగం సాధారణంగా చాలా తక్కువ.

కనెక్షను రకాలు

ఆప్టికల్ ఫైబర్: ఇండ్లకు ఎక్కువగా జీపాన్ అనే పద్ధతిలో ఇస్తారు. ఒక ఫైబర్ మీద వచ్చే సుమారు 2.5 గిగాబిట్ల సామర్థ్యాన్ని 32 లేదా 64 ఇండ్లకు పంచుతారు. కాంతి సుమారు 20 కిలోమీటర్ల వరకు ప్రయాణించగలదు కనుక రాగి తీగ వలె దూరంతో వేగం తగ్గదు. అయితే అతుకులు, వంపులు ఎక్కువైతే కాంతి బలహీనపడుతుంది. సిబ్బంది పవర్ మీటరుతో కొలిచినప్పుడు ఇంటి పెట్టె వద్ద మైనస్ 27 డీబీఎం కంటె బలహీనమైన సంకేతం వస్తే కనెక్షను తరచుగా తెగిపోతుంది.

స్థిర వైర్‌లెస్: ఇంటి మీద అమర్చిన రిసీవరు టవరు నుండి సంకేతం అందుకుంటుంది. తీగ రాని వీధులకు ఇది ఉపయోగకరం. అదే టవరును మొబైల్ వాడుకదారులు కూడా పంచుకుంటే సాయంత్రం వేళ వేగం తగ్గవచ్చు.

మొబైల్ హాట్‌స్పాట్: కనెక్షను వచ్చే వరకు తాత్కాలికంగా వాడతారు. రోజువారీ డేటా పరిమితి ముగిసిన వెంటనే వేగం పడిపోతుంది.

ఇల్లు మారేటప్పుడు పరిశీలించవలసినవి

1. అద్దె బయానా ఇవ్వడానికి ముందే విచారించాలి. "ఈ ఊరిలో ఉందా" అని కాక, "ఈ స్తంభం నుండి ఈ ఇంటికి ఇవ్వగలరా" అని అడగాలి. పక్క ఇంటివారు వాడుతున్న కనెక్షను రకం, సాయంత్రం వేళ దాని పనితీరు అన్నిటికంటె నమ్మదగిన ఆధారం.
2. స్తంభం మీది పెట్టెలో ఖాళీ పోర్టు ఉన్నదో లేదో స్థానిక ఆపరేటరును అడగాలి. తీగ వీధిలోనే ఉన్నా, పోర్టు లేనిచో కనెక్షను ఆలస్యమవుతుంది.
3. గోడకు రంధ్రం చేయడానికి, మిద్దె మీద రిసీవరు పెట్టడానికి ఇంటి యజమాని అనుమతి తీసుకోవాలి.
4. పాత ఇంటిలోని కనెక్షనును బదిలీ చేయవచ్చునా, రద్దు చేయాలా అన్నది ముందుగా నిర్ణయించుకోవాలి. రద్దు చేసినచో పెట్టెను తిరిగి ఇచ్చి రసీదు పొందాలి.
5. నెల అద్దెతో పాటు 18 శాతం జీఎస్‌టీ, అమరిక రుసుము, పెట్టెకు డిపాజిట్టు, డేటా పరిమితి దాటిన తరువాతి వేగం, వీటన్నిటినీ రాతపూర్వకంగా తెలుసుకోవాలి.
6. అమర్చిన రోజున పెట్టెకు తీగతోనే కంప్యూటరు కలిపి వేగం చూడాలి. వైఫైలో చూసిన వేగం గోడల వలన తగ్గుతుంది. 5 గిగాహెర్ట్‌జ్ వైఫై వేగవంతమైనదే కాని, మందపాటి రాతి గోడలను దాటడంలో 2.4 గిగాహెర్ట్‌జ్ మెరుగు. అందుచేత పెట్టెను ఇంటి మధ్యలో, ఎత్తున ఉంచడం మంచిది.

సాధారణ సమస్యలు

స్తంభాల మీద లాగిన తీగ చవకగా, త్వరగా ఊరికి చేరుతుంది. అయితే గాలివానకు, చెట్ల కొమ్మలకు, ఎత్తుగా వరిగడ్డి వేసుకొని వెళ్ళే వాహనాలకు, రోడ్డు విస్తరణకు అది తెగే అవకాశం ఎక్కువ. భూమిలో వేసిన తీగ కూడా తవ్వకాలకు తెగుతుంది. ఊరికి వచ్చే తీగ ఒక్కటే అయినచో, ఎక్కడో దూరాన తెగినా ఊరంతటికీ అంతర్జాలం ఆగిపోతుంది. ఒకే మార్గం మీద ఆధారపడిన రెండు సంస్థల కనెక్షన్లు తీసుకున్నా ప్రయోజనం ఉండదు. పరీక్షలు, ఇంటర్వ్యూలు ఉన్నవారు ఫైబరుకు తోడుగా వేరొక సంస్థ మొబైల్ సిమ్‌ను సిద్ధంగా ఉంచుకోవడం ఇందుకే.

పాత రాగి తీగ టెలిఫోనుకు ఎక్స్ఛేంజి నుండే విద్యుత్తు అందేది. ఫైబర్ పెట్టెకు ఇంటిలోని విద్యుత్తు కావాలి. కరెంటు పోయినప్పుడు నెట్ ఆగకుండా ఉండాలంటే ఇన్వర్టరు గాని, 12 వోల్టుల పెట్టెలకు దొరికే చిన్న బ్యాటరీ యూనిట్టు గాని అమర్చుకోవాలి.

వినియోగదారుల హక్కులు

భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ (ట్రాయ్) 2006లో బ్రాడ్‌బ్యాండ్ సేవల నాణ్యతకు నిబంధనలు చేసింది. సాంకేతికంగా వీలున్నచోట 15 పనిదినాలలో కనెక్షను ఇవ్వాలని, రద్దు తరువాత 60 రోజులలో డిపాజిట్టు తిరిగి చెల్లించాలని వాటిలో ఉన్నది. 2024లో వీటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చి, అదే సంవత్సరం అక్టోబరు 1 నుండి అమలయ్యాయి. "సాంకేతికంగా వీలున్నచోట" అనే మాట పల్లె ప్రాంతాలకు ముఖ్యమైనది. తీగ లేని వీధిలో నివసించే వారికి ఈ గడువు వర్తించదు. అందువలననే ఇంటికి చేరిన తరువాత దరఖాస్తు చేయడం కంటె ముందు విచారణ మేలు.

2012 నాటి ట్రాయ్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు చేసినప్పుడు సంస్థ డాకెట్ సంఖ్య ఇవ్వాలి. పరిష్కారం సంతృప్తికరంగా లేకపోతే అదే సంస్థలోని అప్పీలు అధికారిని ఆశ్రయించవచ్చు. వ్యక్తిగత ఫిర్యాదులను ట్రాయ్ నేరుగా పరిష్కరించదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం టెలికాం సేవలకు వర్తిస్తుంది. ఈ వివాదాలను వినియోగదారుల కమిషన్లు విచారించవచ్చునని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తీర్పు ఇచ్చింది. డాకెట్ సంఖ్యలు, బిల్లులు, వేగ పరీక్షల చిత్రాలు తేదీలతో దాచుకున్నచో ఇటువంటి సందర్భాలలో ఆధారాలుగా పనికివస్తాయి.

ఇవి కూడా చూడండి

- ఉదయగిరి
- ఆత్మకూరు (నెల్లూరు జిల్లా)
- భారత్‌నెట్
- భారత్ సంచార్ నిగమ్ లిమిటెడ్
- ఆప్టికల్ ఫైబర్