పరావలయ దర్పణము: దీపస్తంభము నుండి ఫోటో స్టూడియో దాక

ఫోటో స్టూడియో సామగ్రి అమ్ము అంగళ్ళలో నేడు "పారాబోలిక్" అను మాట విరివిగా వినవచ్చుచున్నది. దీపపు వెలుతురును మనిషిపై సరిగా ప్రసరింపజేయుటకు వాడు గొడుగులకు, గుడ్డ పెట్టెలకు ఈ పేరు తగిలించి అమ్ముచున్నారు. చూపునకు ఒకే తీరున నుండు రెండింటిలో ఒకటి కొద్ది వేలకు దొరకును. రెండవది దానికి ఎన్నో రెట్లు ఖరీదు చేయును. చౌక వస్తువు నిజముగా పరావలయమేనా? కాకపోయినచో నష్టమెంత? ఇది ఫోటోగ్రాఫరుల ప్రశ్నగా తోచును గాని, నిజమునకు చాల పాతది. ఒక ఖచ్చితమైన వక్రరేఖను తక్కువ ఖర్చుతో ఎంతవరకు సాధింపవచ్చును, అందలి లోపమును ఎంతవరకు సహింపవచ్చును అను విచారము రెండు వందల అరువది ఏండ్ల క్రిందట సముద్రతీరమున ప్రాణములకు సంబంధించిన విషయమై యుండెను.

ఒక స్థిర బిందువు నుండియు, ఒక స్థిర సరళరేఖ నుండియు సమాన దూరమున నుండు బిందువుల పథమే పరావలయమని ఉన్నత పాఠశాలలో చదివియుందుము. ఆ స్థిర బిందువు నాభి. పరావలయమును దాని అక్షము చుట్టు త్రిప్పగా ఏర్పడు గిన్నె లోపలి తలమును దర్పణముగా చేసినచో, అక్షమునకు సమాంతరముగా వచ్చు కిరణములన్నియు నాభియందు కలియును. ఈ ధర్మమును నిరూపించిన గ్రంథములలో మనకు దక్కిన ప్రాచీనమైనది డయోక్లిస్ అను గ్రీకు గణితవేత్త క్రీ. పూ. 200 ప్రాంతమున వ్రాసినది. ఎండను ఒకచోట చేర్చి మంట పుట్టించు దర్పణములే దాని విషయము. గ్రీకు మూలము నశించినది. అరబ్బీ అనువాదము మాత్రము ఇరాను దేశపు మష్‌హద్ నగర గ్రంథాలయమున లభింపగా, జి. జె. టూమర్ దానిని 1976లో ప్రకటించెను. 11వ శతాబ్దిలో ఇబ్న్ అల్ హైతమ్ కూడ ఈ దర్పణములను గూర్చి ప్రత్యేక గ్రంథమును వ్రాసెను.

సిద్ధాంతము తెలిసినంతనే వస్తువు చేతికి రాలేదు. గాజును గాని లోహమును గాని గోళాకారముగా అరగదీయుట సులభము. రెండు తలములను ఒకదానిపై నొకటి అన్ని దిక్కులకు రాపాడించినచో గోళతలము తనంత తానే ఏర్పడును. పరావలయమట్లు కాదు. 1668లో న్యూటను నిర్మించిన పరావర్తక దూరదర్శినిలో గోళ దర్పణమే యుండెను. పరావలయమునకు దగ్గరగా వచ్చిన దర్పణముతో మంచి దూరదర్శినిని 1721లో రాయల్ సొసైటీ వారి ముందుంచినవాడు జాన్ హాడ్లీ.

దీపమును నాభియందుంచినచో ఈ ధర్మమే తలక్రిందులుగా పనిచేయును. నలుదెసల చెదరిపోవలసిన కాంతి సమాంతర కిరణపుంజమై ఒకే దిక్కునకు పోవును. 18వ శతాబ్దమున లివర్‌పూల్ రేవునకు వచ్చు ఓడలకు ఇసుక తిన్నెల వలన పెను ప్రమాదముండెను. నాటి దీపస్తంభములపై బొగ్గు మంటలో, కొవ్వొత్తులో వెలుగుచుండెడివి. వాటి వెలుగు దూరమున కానవచ్చెడిది కాదు. విలియం హచిన్‌సన్ అను నావికుడు ఆ రేవున అధికారియై, 1763 మొదలుకొని పరావలయ దర్పణములతో ప్రయోగములు చేసెను. గిన్నెలో చిన్న అద్దపు ముక్కలు పొదిగి, ఒక్క కొవ్వొత్తి వెలుగుతో దూరమున నున్న వార్తాపత్రికను చదువవచ్చునని పందెము కాసిన సంఘటన అతనికి ఈ ఊహ నిచ్చినదని ఒక కథ కలదు. కథ యెట్లున్నను, అతడు చేసిన పని మాత్రము చరిత్ర. చిన్న దర్పణములను తగరపు పూత గల రేకులను అతికించియు, పెద్దవానిని కొయ్య గిన్నెలలో అద్దపు పలకలు అమర్చియు తయారు చేయించి, ఆ వివరములను 1777లో తాను ప్రకటించిన నౌకావిద్యా గ్రంథమున వ్రాసెను.

స్కాట్లండులో ఎడింబరో నగరపు దీపముల పనివాడు థామస్ స్మిత్ ఈ మార్గమునే అనుసరించెను. 1787 డిసెంబరు 1న కిన్నెయిర్డ్ హెడ్ దీపస్తంభమున తిమింగిలపు నూనెతో 17 దీపములు వెలిగెను. వాటి వెనుక ప్లాస్టరు అచ్చులో పొదిగిన అద్దపు ముక్కల దర్పణము లుండెను. ప్రతి ముక్కయు చదునైనదే! వాటిలో ఏ ఒక్కటియు పరావలయము కాదు. అయినను నావికులకు దారి చూపినవి.

ఇది యెట్లు సాధ్యమయ్యెను? నాభి ఒక బిందువు. జ్వాల బిందువు కాదు. నాభ్యంతరము 4 అంగుళములు, జ్వాల వెడల్పు 1 అంగుళము అనుకొందము. దర్పణము ఎంత దోషరహితమైనను, దాని మధ్యభాగమునుండి వెడలు పుంజము 1/4 రేడియను, అనగా సుమారు 14 డిగ్రీలు విచ్చుకొనును. జ్వాల వలననే ఇంత విస్తరణ కలుగుచుండగా, అద్దపు ముక్కల వలన కలుగు కొద్దిపాటి లోపము లెక్కకు రాదు. దూరదర్శిని సంగతి వేరు. అచ్చట దర్పణతలమున లోపము కాంతి తరంగదైర్ఘ్యములో చిన్న భాగమునకు మించరాదు. ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యము సుమారు 0.00055 మిల్లీమీటరు మాత్రమే. ఒకే వక్రరేఖ, రెండు పనులు, రెండు కొలబద్దలు.

తరువాత 1780లో ఆర్గాండ్ కనిపెట్టిన ప్రకాశవంతమైన నూనె దీపము, వెండి పూత గల రాగి దర్పణములు వచ్చి అద్దపు ముక్కలను తొలగించినవి. 1823లో కోర్డువాన్ దీపస్తంభమున ఫ్రెనెల్ కటకము వెలసినది. పెద్ద గాజు పరావలయములను చేయుట కష్టమైనందున, ఫ్రెంచి సైనిక ఇంజనీరు మాంజిన్ 1876లో రెండు వేర్వేరు వ్యాసార్ధముల గోళతలములతో, వెనుక వెండిపూతతో ఒక దర్పణమును రూపొందించెను. గాజులో కలుగు వక్రీభవనము గోళదర్పణపు లోపమును సవరించును. ఇదియు ఖర్చు తగ్గించు ఉపాయమే.

ఫోటోగ్రఫీ 1839లో లోకమునకు వెల్లడియైనది. తొలి స్టూడియోలు గాజు కప్పుల క్రింద పగటి వెలుతురుతో పనిచేసెడివి. 1861లో పారిస్ నగరపు భూగర్భ సమాధులను నాడార్ విద్యుత్ ఆర్కు దీపములతో చిత్రించినపుడు, ఒక్కొక్క చిత్రమునకు 18 నిమిషముల వరకు పట్టుటచే మనుషులకు బదులు బొమ్మలను నిలుపవలసి వచ్చెను. 1887లో మెగ్నీషియము పొడి ఫ్లాషు, 1931లో ఎడ్జర్టన్ రూపొందించిన ఎలక్ట్రానిక్ ఫ్లాషు వచ్చుటతో దీపము చేతికి చిక్కినది. ఇక మిగిలినది దాని వెలుతురును మలచుట. దీపము వెనుక నమర్చిన లోహపు గిన్నె, మడచుటకు వీలగు గొడుగు, అందుండి నేటి లోతైన "పారాబోలిక్" పరావర్తకము పుట్టినవి.

గొడుగులో ఊచలు వంగియుండును. ఊచల నడుమ గుడ్డ బిగువుగా లాగబడి ఇంచుమించు సమతలమగును. కావున గొడుగు అంచు వృత్తము కాదు, బహుభుజి. వ్యాసము 120 సెంటీమీటరులైనచో, అంచువద్ద రెండు ఊచల నడుమ గుడ్డ వృత్తమునుండి లోపలికి తగ్గుట 8 ఊచలకు 4.6 సెం. మీ.; 16 ఊచలకు 1.15 సెం. మీ.; 24 ఊచలకు 0.5 సెం. మీ. మాత్రమే. ఊచలు పెరిగిన కొలది ధర పెరుగుటకు ఇది ఒక కారణము. 8 నుండి 16కు పోయినపుడు కలుగు లాభము 16 నుండి 24కు పోయినపుడు కలుగు లాభముకంటె అయిదు రెట్లకు పైబడి యున్నదని విద్యార్థులు గమనింపవలెను.

వక్రతను పరీక్షించుటకు కొలత టేపు, దారము చాలును. అంచు వ్యాసమును, లోతును కొలిచి, వ్యాసపు వర్గమును లోతునకు 16 రెట్లతో భాగించినచో నాభ్యంతరము వచ్చును. వ్యాసము 120, లోతు 45 సెం. మీ. అయినచో అది 20 సెం. మీ. పిదప అడుగునుండి సగము లోతున, అనగా 22.5 సెం. మీ. వద్ద, అడ్డముగా వ్యాసమును కొలువవలెను. నిజమైన పరావలయమైనచో అది సుమారు 85 సెం. మీ. ఉండవలెను. తిన్నని శంఖువైనచో 60, గోళభాగమైనచో 96 వచ్చును. పేరుపై పెట్టిన మాట నిజమో కాదో ఈ ఒక్క కొలత చెప్పును.

ఆకారము సరియైనంత మాత్రమున చాలదు. దీపము నాభివద్దకు చేరగలదా, దాని ముఖము గిన్నెవైపు తిరిగియుండునా అని చూడవలెను. చాల చౌక పెట్టెలలో దీపము అడుగున బిగింపబడి ముందుకు చూచుచుండును. అందలి వెలుతురులో పెక్కుభాగము గిన్నెను తాకకయే పోవును. అట్టిచోట వక్రరేఖకు పనియే లేదు. దీపమును అక్షము వెంట జరుపుటకు వీలున్నచో, నాభివద్ద పుంజము ఇరుకుగా నుండును. నాభికంటె లోపలికి జరిపిన విచ్చుకొనును. బయటికి జరిపిన ఒకచోట కలిసి పిదప విడిపోవును. ఖరీదైన పరికరముల ముఖ్యగుణము ఈ జరుపు సౌకర్యమే.

మరి ముందు తెల్లని గుడ్డ కప్పినచో? గుడ్డ కిరణములను అన్ని దిక్కులకు చెదరగొట్టును. నాభియందు సంపాదించిన సమాంతరత్వము పోవును. అప్పుడు నీడల అంచుల మృదుత్వము, మనిషి ఉన్నచోటునుండి ఆ గుడ్డ ఎంత పెద్దదిగా కనబడునో దానిపై ఆధారపడును. గ్రహణపాఠములో చదువు ఉపచ్ఛాయ సూత్రమే ఇది. కావున గుడ్డ కప్పి వాడదలచినవారు "పారాబోలిక్" అను మాటకు అదనముగా రూపాయి చెల్లింప నవసరము లేదు. గుడ్డ లేక, దీపమును జరుపుచు వాడదలచినవారికి ఆకారము, ఊచల సంఖ్య, దీపపు స్థానము ముఖ్యము.

చౌకతనము దోషము కాదు. అద్దపు ముక్కలతో ఓడలకు దారి చూపిన స్మిత్ దర్పణము చౌకదే. పనికి ఎంత ఖచ్చితత్వము కావలెనో అంతయే అందుండెను. లేని గుణమును ఉన్నదని చెప్పుటయే దోషము. ఉపాధ్యాయులు తరగతిలో ఒక పాత గొడుగును, ఒక కొలత టేపును విద్యార్థుల చేతికిచ్చి సగము లోతున వ్యాసమును కొలిపించినచో, పరావలయము పాఠ్యపుస్తకమునుండి బయటికి వచ్చి వారి యెదుట నిలుచును.