40 గ్రాముల ట్యూబ్‌ని నమ్మొచ్చా?

రోడ్ బైక్ తొక్కేవాళ్లు నలుగురు చేరితే ఈమధ్య ఒకటే గొడవ, టీపీయూ ట్యూబ్. పూర్తిపేరు థర్మోప్లాస్టిక్ పాలీయురేథేన్, అంటే ఒకరకం ప్లాస్టిక్. మనకి తెలిసిన నల్ల ట్యూబ్ రోడ్ బైక్ సైజులో సుమారు 100 గ్రాములు తూగితే, ఇది అటూఇటూగా 40. మడిస్తే గుప్పెట్లో పట్టేస్తుంది. ఏడాదిగా ఒక్క పంక్చర్ లేదని ఒకరంటారు. రెండో రోజే వాల్వ్ మొదట్లో గాలి పోయిందని ఇంకొకరు. నాకైతే ఇద్దరూ నిజమే చెప్తున్నారనిపిస్తుంది. ఎందుకో చూడాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

1845లో రాబర్ట్ విలియం థామ్సన్ అనే 23 ఏళ్ల స్కాట్లాండ్ కుర్రాడు గాలి చక్రానికి పేటెంట్ తీసుకున్నాడు. లోపల రబ్బరు పట్టించిన గుడ్డ గొట్టం, పైన తోలు. గుర్రపు బగ్గీకి బిగిస్తే ఒక సెట్టు 1200 మైళ్లు నడిచిందని చెప్తారు. అంటే నిలబడింది! కానీ అప్పట్లో రబ్బరు మహా ఖరీదు. ఐడియా మూలన పడిపోయింది.

తర్వాత 1888లో బెల్‌ఫాస్ట్‌లో ఉండే జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువుల డాక్టరు, కొడుకు మూడు చక్రాల సైకిల్ కోసం అదే సంగతిని మళ్లీ కనిపెట్టాడు. పాపం, థామ్సన్ సంగతి బయటపడ్డాక డన్‌లప్ పేటెంట్ చెల్లలేదు. సరే, టైర్లు మాత్రం రేసుల్లో దూసుకుపోయాయి. వాటి సమస్యల్లా జిగురు. టైరుని రిమ్‌కి అంటించేసేవారు కాబట్టి, పంక్చరైతే ఊడబెరికి, అతికి, మళ్లీ అంటించి, రాత్రంతా ఆరబెట్టాలి. ఫ్రాన్స్‌లో మిషెలిన్ అన్నదమ్ములు ఆ తంతు స్వయంగా చూసి, 1891లో ఊడదీసి పెట్టుకునే టైరు తెచ్చారు. ఆ ఏడే దాంతో షార్ల్ టెరాం దాదాపు 1200 కిలోమీటర్ల పారిస్-బ్రెస్ట్-పారిస్ రేసు గెలిచాడు. మరుసటేడు ఇంకో రేసు పెట్టి దారిలో కావాలనే మేకులు చల్లించారట. ఇప్పటి ఏ మార్కెటింగ్ టీముకైనా అంత ధైర్యం ఉందా అని నాకు అనుమానమే.

వాల్వ్ కథ కూడా అప్పటిదే. మన ఊళ్లలో పాత సైకిళ్లకి ఉండే వాల్వ్ గుర్తుందా? లోపల సన్నటి రబ్బరు గొట్టం తొడిగి ఉంటుంది. అది ఎండిపోతే ట్యూబ్‌కి ఒక్క చిల్లు లేకపోయినా తెల్లారేసరికి గాలి ఉండదు. ఇక్కడ ఒక విషయం గమనించండి. ట్యూబ్ ఒళ్లు బానే ఉంటుంది, పోయేది అతుకు దగ్గర. సాఫ్ట్‌వేర్‌లో కూడా అంతే కదా, రెండు మాడ్యూళ్లు కలిసే చోటే బగ్గు దొరుకుతుంది.

ఇక రబ్బరు దగ్గరికొద్దాం. పచ్చి రబ్బరు ఎండకి మెత్తబడి జిగటగా అవుతుంది, చలికి గట్టిపడుతుంది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకం కలిపి వేడి చేసి ఆ రోగం కుదిర్చాడు. గంధకం రబ్బరు గొలుసుల్ని ఒకదానికొకటి శాశ్వతంగా ముడేస్తుంది, ఇక అది కరగదు. దీన్నే వల్కనైజింగ్ అంటారు. 1937లో అమెరికాలో స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ కెమిస్టులు బ్యూటైల్ రబ్బరు తయారుచేశారు. ఇది సహజ రబ్బరు కన్నా ఎన్నో రెట్లు బాగా గాలిని ఆపుతుంది. 1942లో జపాన్ మలయా రబ్బరు తోటల్ని పట్టుకోగానే అమెరికాకి సహజ రబ్బరు కరువైంది, బ్యూటైల్ ట్యూబ్‌కి దారి పడింది. మన నల్ల ట్యూబ్ అదే.

విచిత్రం ఏంటంటే, అదే 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ పాలీయురేథేన్ కనిపెట్టాడు. అది సైకిల్ ట్యూబ్‌గా బాగా ప్రచారంలోకి రావడానికి మాత్రం సుమారు 80 ఏళ్లు పట్టింది. వియన్నాకి చెందిన ట్యూబోలిటో నారింజరంగు ట్యూబ్‌లతో పేరు తెచ్చుకుంది. తర్వాత ష్వాల్బే వచ్చింది, ఆపైన చైనా బ్రాండ్లు ధర దించేశాయి.

అసలు మెలిక ఇక్కడుంది. టీపీయూలో గంధకం ముడులు ఉండవు. గొలుసుల్లోని గట్టి భాగాలు ఒకచోట గుంపుగా చేరి పట్టుకుని ఉంటాయంతే. వేడి తగిలితే ఆ పట్టు సడలుతుంది. అందుకే దాన్ని వేడితో అతికించి పల్చటి ట్యూబ్ చేయగలుగుతున్నారు. అందుకే దానికి వేడంటే గండం కూడా! రిమ్ బ్రేకులున్న బైక్‌తో ఘాట్ రోడ్డు దిగుతూ బ్రేకు పట్టుకునే ఉంటే రిమ్ కాలిపోతుంది. ఆ వేడి నేరుగా ట్యూబ్‌కే వెళ్తుంది. కొన్ని మరీ తేలిక రకాల్ని డిస్క్ బ్రేకులకే వాడమని తయారుచేసినవాళ్లే చెప్పడానికి కారణం ఇదే. మలుపులో ముందు చక్రం గాలి ఒక్కసారిగా పోతే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. డిస్క్ బ్రేకయితే వేడి రోటర్ దగ్గరే ఉండిపోతుంది.

ఇంకొకటి. బ్యూటైల్ ట్యూబ్‌ని బయట గాలి కొట్టి చూసినా మళ్లీ మామూలు సైజుకొస్తుంది. ఇది ఎక్కువ సాగితే సాగినట్టే ఉండిపోతుంది. టైరులో పెట్టేముందు గుండ్రంగా అయ్యేంత గాలి చాలు. మొదటి తరం ట్యూబ్‌లకి ప్లాస్టిక్ వాల్వులు, పంపు కాస్త అటూఇటూ లాగితే మొదట్లో లీకు. ఇప్పుడు మెటల్ వాల్వువీ దొరుకుతున్నాయి, కొనేటప్పుడు అదే చూసుకోండి. పంక్చర్ షాపులో గరుకు కాగితంతో రుద్ది సొల్యూషన్ పూసి వేసే ప్యాచ్ దీనికి పట్టదు. స్పిరిట్‌తో తుడిచి దీనికోసమే వచ్చే ప్యాచ్ వేయాలి, అది ముందే బ్యాగులో ఉండాలి.

నన్నడిగితే డిస్క్ బైక్‌కి ధైర్యంగా వేయండి. రిమ్ బ్రేకుతో కొండలు దిగేవాళ్లయితే చక్రంలో బ్యూటైలే ఉంచి, టీపీయూని సీటు కింద సంచిలో స్పేర్‌గా పెట్టుకోండి. అందులో అది అగ్గిపెట్టెకన్నా కాస్త ఎక్కువ చోటు తీసుకుంటుందంతే.