సైకిల్ ట్యూబ్ మీద నంబర్ల వెనుక కథ

ఇయాల మాట్లాడుకునేది సైకిల్ ట్యూబ్ గురించి. నవ్వకండి. మన సెంటినరీ కాలనీలో ఇప్పుడు గేర్ సైకిళ్లు మస్తుగా తిరుగుతున్నయి. పంచర్ పడితే తమ్ముళ్లు ఫోన్ తీసి "26 ట్యూబ్" అని కొట్టి ఆర్డర్ పెడుతున్నరు. డబ్బా వస్తది, ట్యూబ్ సరిపోదు. టైరు మీద 26, డబ్బా మీద 26. మరి ఎందుకు సరిపోదు? దీనికి జవాబు కావాలంటే 130 ఏళ్లు వెనక్కి పోవాలె.

మన కాలనీ పేరే ఒక తారీఖు. ఇల్లెందు దగ్గర సింగరేణి బొగ్గు తవ్వడం మొదలైంది 1889లో. ఆ వందేళ్ల గుర్తుగానే సెంటినరీ అన్న పేరు. గాలి టైరు దానికంటే ఒక్క ఏడాది పెద్దది. 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయ్డ్ డన్లప్ అనే పశువుల డాక్టరు తన కొడుకు మూడు చక్రాల సైకిల్‌కి గాలి టైరు కట్టి పేటెంట్ తీసుకున్నడు. అంటే మన దగ్గర భూమిలోంచి బొగ్గు పైకి వస్తున్న రోజుల్లోనే అక్కడ చక్రంలోకి గాలి ఎక్కింది.

నిజానికి డన్లప్ మొదటివాడు కాదు. 1845లోనే రాబర్ట్ విలియం థామ్సన్ అనే స్కాట్లాండ్ ఇంజనీరు గుర్రపు బండి చక్రాలకి ఇదే పని చేసిండు. బయట తోలు, లోపల రబ్బరు పట్టించిన గుడ్డతో గాలి ట్యూబ్. కానీ అప్పటికి సైకిల్ లేదు, కొనేవాడు లేడు, జనం మర్చిపోయిండ్రు. తర్వాత ఆ పాత పేటెంట్ బయటపడి డన్లప్ పేటెంట్ చెల్లకుండా పోయింది. పేరు మాత్రం డన్లప్‌దే మిగిలింది. చరిత్రల ఇసొంటివి చాలా ఉంటయి.

డన్లప్ టైరుతో ఒక పెద్ద తిప్పలుండె. టైరును రిమ్‌కి జిగురుతో అంటించేటోళ్లు. పంచర్ పడితే దాన్ని పీకాలె, కోయాలె, అతకాలె, మళ్లీ అంటించి ఆరబెట్టాలె. ఫ్రాన్స్‌లో మిషెలిన్ అన్నదమ్ముల ఫ్యాక్టరీకి 1889లో ఇట్లాంటి సైకిల్ ఒకటి వచ్చిందట. బాగు చేయడానికి గంటలు పట్టింది, ఆరడానికి రాత్రంతా పట్టింది. దాంతో వాళ్లు విప్పి మళ్లీ ఎక్కించుకునే టైరు తయారుచేసి 1891లో పేటెంట్ తీసుకున్నరు. అదే ఏడాది పారిస్ నుంచి బ్రెస్ట్ దాకా పోయి తిరిగొచ్చే, దాదాపు 1200 కిలోమీటర్ల పందెంలో షార్ల్ టెరాన్ ఆ టైర్ల మీద 71 గంటల చిల్లరలో గెలిచిండు. ఇంగ్లండ్‌లో 1890లోనే చార్లెస్ వెల్చ్ అంచులో తీగ ఉన్న టైరు తెచ్చిండు. ఇప్పుడు మన సైకిల్ టైర్ల వరస అదే. టైరు వేరు, ట్యూబ్ వేరు అయినంకనే "ఏ ట్యూబ్ కొనాలె" అన్న ప్రశ్న పుట్టింది.

ఇగ నంబర్ల దగ్గరికి వద్దాం. ఆ రోజుల్లో 26, 28 అంటే గాలి నింపిన టైరు బయటి ఎత్తు, అంగుళాల్లో. రిమ్ కొలత కాదు. మతలబు అంతా ఇక్కడనే ఉంది. బయటి ఎత్తు 26 రావాలంటే లావు టైరుకి చిన్న రిమ్ కావాలె, సన్న టైరుకి పెద్ద రిమ్ కావాలె. కాబట్టి ఒక్క 26 పేరు కిందనే రకరకాల రిమ్‌లు వచ్చినయి. 26 × 1⅜ టైరు కూర్చునే రిమ్ 590 మిల్లీమీటర్లు. 26 × 1.95, అంటే మన పిల్లలు తొక్కే లావు టైరు సైకిల్, దాని రిమ్ 559. తేడా 31 మిల్లీమీటర్లే కదా అనుకోకండి, చుట్టుకొలతలో దాదాపు 10 సెంటీమీటర్లు. పెద్ద ట్యూబ్‌ని చిన్న రిమ్‌లో కుక్కితే ఎక్కడో ఒక మడత పడుతది. ఆ మడత రాసుకుని రాసుకుని అక్కడనే చిరుగుతది. సన్న ట్యూబ్‌ని లావు టైరులో వేస్తే గాలికి మరీ సాగి పలచనైతది, పాత ప్యాచ్ ఉంటే ఊడుతది.

ఇంకో విచిత్రం చెప్త. 1⅜ని లెక్కల సారు 1.375 అంటడు, రెండూ ఒకటే అంటడు. సైకిల్ లోకంలో భిన్నం రాసిన టైరు వేరే కుటుంబం, దశాంశం రాసింది వేరే కుటుంబం. అట్లనే షోరూంలో "29" అని గొప్పగా చూపించే సైకిల్ రిమ్ 622. మన తాతల 28 సైకిల్ రిమ్ 635. అవును, 29 కంటే 28దే పెద్ద రిమ్!

ఆ 28 × 1½ సైకిలే మన బొగ్గు బెల్టును నడిపించింది. స్వాతంత్ర్యం తర్వాత 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో మొదలైనయి. అందరూ చేసింది ఎక్కువగా అదే నల్లటి, బరువైన సైకిల్. మా తాత గోదావరిఖనిలో బాయి పనికి పోయేది దాని మీదనే. ముందు హ్యాండిల్‌కి టిఫిన్, వెనక క్యారియర్ మీద మా నాన్న.

అప్పట్లో పంచర్ అంటే ఇప్పటిలెక్క చిన్న విషయం కాదు. షిఫ్ట్‌కి ఆలస్యమైతే మస్టర్ పడకపోవచ్చు. మస్టర్ అంటే హాజరే కాదు. 1952 గనుల చట్టం ప్రకారం అండర్‌గ్రౌండ్‌లో పనిచేసేటోళ్లకు ఏడాదిలో 190 హాజర్లు, పైన పనిచేసేటోళ్లకు 240 ఉంటేనే జీతంతో కూడిన ఏడాది సెలవు ఉండేది. 190 దగ్గర్లో ఆగిన మనిషికి ఒక మేకు గుచ్చుకోవడం అంటే ఏందో ఆలోచించండి. అందుకే మా తాత సీటు కింద సంచిలో సొల్యూషన్, గీరే ముక్క, పాత ట్యూబ్ తునకలు, ఒక మూర వాల్ ట్యూబ్ ఎప్పుడూ ఉండేవి.

వాల్ ట్యూబ్ తెలియని పిల్లలకి చెప్త. పాత సైకిల్ వాల్వ్‌ని వుడ్స్ వాల్వ్ అంటరు, డన్లప్ వాల్వ్ అని కూడా అంటరు. అదీ 1890ల నాటిదే. లోపలి పిన్నుకి పక్కన చిన్న రంధ్రం ఉంటది, దాని మీద సన్న రబ్బరు గొట్టం తొడుగుతరు. పంపు కొడితే గాలి రబ్బరును తోసుకుని లోపలికి పోతది, లోపలి ఒత్తిడికి రబ్బరు అతుక్కుని రంధ్రం మూసుకుంటది. అంతే యంత్రం. ఎండకు రబ్బరు పగిలితే అంగుళం ముక్క కోసి తొడిగితే అయిపాయె. లోకం మారినా ఈ వాల్వ్ మన దగ్గర ఇన్నేళ్లు నిలబడ్డది ఆ అంగుళం ముక్క వల్లనే అని నేను అనుకుంట.

కొత్త సైకిళ్లకి ఎక్కువగా వచ్చేది ష్రేడర్, మన బైక్ టైరుకి ఉండే లావు వాల్వ్. ఖరీదైన సన్న టైర్ల సైకిళ్లకి ప్రెస్టా, సన్నగా పొడుగ్గా ఉంటది, కొన మీద చిన్న నట్టు ఉంటది. వుడ్స్‌కి, ష్రేడర్‌కి రిమ్ రంధ్రం దాదాపు ఒకటే, సుమారు 8.5 మిల్లీమీటర్లు. ప్రెస్టాకి 6.5. ప్రెస్టా రిమ్‌లో ష్రేడర్ దూరదు. ష్రేడర్ రిమ్‌లో ప్రెస్టా వదులుగా ఆడుతది, అడుగున కోసుకుపోతది. వుడ్స్ వాల్వ్‌కి పెట్రోల్ బంకులో నేరుగా గాలి పట్టరు, సైకిల్ పంపు కావాలె. ష్రేడర్‌కి బంకులో పట్టొచ్చు, కానీ సైకిల్ ట్యూబ్ చిన్నది, రెండు సెకన్లు ఎక్కువైతే పటాకి పేలినట్టు పేలుతది.

రబ్బరు సంగతి కూడా ఒక్క మాట. 1937లో అమెరికాలో స్టాండర్డ్ ఆయిల్ కంపెనీలో బ్యూటైల్ రబ్బరు కనిపెట్టిండ్రు. మామూలు రబ్బరు ట్యూబ్ కంటే ఇది గాలిని చాలా ఎక్కువ రోజులు పట్టి ఉంచుతది. డబ్బా మీద బ్యూటైల్ అని ఉంటే పది రూపాయలు ఎక్కువైనా తీసుకోండి.

ఇప్పుడు ఆర్డర్ పెట్టే ముందు టైరు పక్కన చూడండి. పెద్ద అక్షరాల 26, 27.5 వదిలేయండి. చిన్నగా 50-559 లేదా 40-635 లాంటిది ఉంటది. మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ కొలత, రెండూ మిల్లీమీటర్లలో. ఈ రెండు నంబర్లు ట్యూబ్ డబ్బా మీద రాసిన పరిధిలో పడాలె. ట్యూబ్ సాగుతది కాబట్టి 622కి, 635కి ఒకే ట్యూబ్ నడుస్తది, టైరు మాత్రం నడవదు. పాత 28 టైర్ల మీద ఈ చిన్న నంబర్ లేకున్నా భయం లేదు, 28 × 1½ అని ఉంటే అది 635నే. తర్వాత వాల్వ్ ఫోటో తీసుకోండి. ఆ రెండు ఫోటోలు చూపిస్తే పంచర్ షాపులో అన్న వేరే ఏమీ అడగడు.

ఉంట మరి, మళ్లీ కలుద్దాం.