‘డి’ మీటకి పట్టిన చమక్



నందివెలుగు నుంచి రోజూ తెనాలి వెళ్లి, అర్జీలూ దస్తావేజులూ టైపు చేసి ఇల్లు నడిపారు మా అబ్బా. మొదట టైపు మిషను, తర్వాత కంప్యూటరు. మొన్న ఆయన కీబోర్డు అటక మీంచి దించాను. మిగతా మీటలు మాసి ఉన్నాయి గానీ ‘డి’ మాత్రం అద్దంలా మెరుస్తోంది.

కారణం ఇన్‌స్క్రిప్ట్. 1991 నాటి ఇస్కీ ప్రమాణంతో పాటు వచ్చిన మీటల అమరిక అది. ఇందులో ‘డి’ నొక్కితే పొల్లు, షిఫ్టుతో నొక్కితే ‘అ’. ఒత్తు రావాలంటే రెండు హల్లుల మధ్య పొల్లు కొట్టాల్సిందే. ‘అర్జీ’కి ‘డి’ రెండుసార్లు. హక్కు, జప్తు, దరఖాస్తు, వకాల్తా... అబ్బా రోజంతా కొట్టిన కచేరీ మాటలన్నిటికీ అదే మీట.

ఆ మాటలు మన ఇళ్లలోవే, అరబ్బీ ఫార్సీల నుంచి దఫ్తరుకి నడిచొచ్చినవి. గుంటూరు సర్కారుని ఒకప్పుడు ముర్తుజానగర్ అనేవారు. 1788లో నిజాం దాన్ని కంపెనీకి అప్పగించాడు. హుకూమత్ మారినా అర్జీ అర్జీగానే ఉండిపోయింది. 1966 అధికార భాషా చట్టం తర్వాత తెలుగు టైపుకి గిరాకీ పెరిగింది. దాంతో ఎందరికో రోజీ దొరికింది.

పాత టైపు మిషన్లలో మీట మీద అక్షరం కాగితంపై ఉండేది, పైన గాజు బిళ్ల, చుట్టూ లోహపు కట్టు. ఎంత కొట్టినా వేలు తగిలేది గాజుకే. తర్వాత అంతా ప్లాస్టిక్ అయింది. చవక కీబోర్డుల్లో ఏబీఎస్ ఎక్కువ. అచ్చులో దాని మీద సన్నటి గరుకు పెడతారు. వేళ్ల రాపిడికీ జిడ్డుకీ ఆ గరుకు అరిగి నున్నబడుతుంది. పీబీటీ ప్లాస్టిక్ ఇంకా చాలాకాలం ఆగుతుంది. ఐ.బి.ఎం. 1985లో తెచ్చిన మోడల్ ఎం మీటలు దానితో చేసినవే.

కాబట్టి ఆ చమక్ మురికి కాదు, సబ్బు నీళ్లతో పోదు. కడిగి చూశాను, జిడ్డు పోయింది, మెరుపు ఇంకా బయటపడింది! నెయిల్ పాలిష్ తుడిచే అసిటోన్ అయితే అసలు వద్దు, ఏబీఎస్ కరిగిపోతుంది. రాగి దేగ్చీకి కలాయి పోతే తగరం, నౌసాదర్‌తో మళ్లీ పూస్తారు. మీటకి అలాంటి కలాయి లేదు. ఉన్నదాన్నే ఇంకాస్త గీకి గరుకు తేవాలి.

అబ్బా ఎప్పుడూ వాడని ఎఫ్12 మీద సన్నటి ఉప్పు కాగితంతో తజ్రిబా చేశాను. మెరుపేమీ లేని మీట కాస్త మరీ గరుకైంది, పైన అచ్చేసిన అంకె సగం చెరిగింది. అక్షరం ప్లాస్టిక్‌లోనే పోతపోసిన మీటలైతే ఇలా జరగదు.

ఆ కాగితం తీసుకుని ‘డి’ దగ్గరికి వచ్చేసరికి, తస్బీహ్ తిప్పుతున్న అమ్మీ ఆపి చూసింది.

“దాని జోలికి పోకు బేటా,” అంది.

ఉప్పు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.